వేరే నోటు, వేరే క్యూ: ఒకప్పటి చైనాలో విదేశీయుల బతుకు

1980 ఏప్రిల్ 1న చైనాలో రెండో రకం డబ్బు చెలామణీలోకి వచ్చింది. దేశ ప్రజల చేతుల్లో తిరిగేది రెన్‌మిన్‌బి. బయటి దేశాలవాళ్లు డాలర్లో పౌండ్లో తెచ్చి ఇస్తే, బ్యాంక్ ఆఫ్ చైనా వాటికి బదులుగా విదేశీ మారక పత్రాలు చేతిలో పెట్టేది. పేరుకు పత్రాలే గానీ అవీ నోట్లే. ఒక జియావో, అంటే యువాన్‌లో పదో వంతు, మొదలుకొని వంద యువాన్ల దాకా ఏడు విలువల్లో అచ్చయ్యేవి. విదేశీయుడు హోటల్ బిల్లు కట్టాలన్నా, రైలు టికెట్టు కొనాలన్నా, విమానం ఎక్కాలన్నా ఈ నోట్లే ఇవ్వాలి. దేశానికి డాలర్లు కావాలి, వచ్చిన డాలర్లు దొంగ బజారు పాలు కాకూడదు. ఈ ఏర్పాటు వెనక ఉన్న లెక్క అదే.

అధికారికంగా రెండు నోట్లకూ విలువ ఒక్కటే. అయితే దిగుమతి సిగరెట్లు, స్కాచ్ విస్కీ, జపాన్ టీవీలు మారక పత్రాలకే దొరికేవి కాబట్టి స్థానికులకు వాటి మీద మోజు పెరిగింది. పెద్ద హోటళ్ల గేట్ల దగ్గర, యాత్రికులు తిరిగే వీధుల్లో 'చేంజ్ మనీ' అని గొణుగుతూ వెంటపడే కుర్రాళ్లు పుట్టుకొచ్చారు. వాళ్లకు వంద యువాన్ల పత్రాలిస్తే వందకు పైన ఎంతో కొంత కలిపి రెన్‌మిన్‌బి ఇచ్చేవాళ్లు. చిక్కంతా ఆ తర్వాతే. ఆ డబ్బు వీధి చివర నూడుల్స్ కొట్లో చెల్లుతుంది, కూరగాయల బజార్లో చెల్లుతుంది, హోటల్ కౌంటర్లో మాత్రం చెల్లదు. చైనా విశ్వవిద్యాలయాల్లో చదివే, పాఠాలు చెప్పే విదేశీయులకు తెల్ల కార్డు ఒకటి ఉండేది. అది చూపిస్తే రెన్‌మిన్‌బిలోనే, స్థానికుల ధరకే పనులయ్యేవి. యాత్రికులు ఆ కార్డున్నవాళ్లను చూసి కుళ్లుకునేవాళ్లు. దొంగ కార్డులు జేబులో పెట్టుకు తిరిగినవాళ్లకూ కొదవ లేదు.

1970ల చివర తలుపులు తెరిచింది మొదలు 1990ల చివరి దాకా చైనాలో విదేశీయులు గడిపిన జీవితం ఇలా స్థానికుల జీవితం పక్కనే వేరే పట్టాల మీద నడిచింది. అక్కడి సేవల మీద, వినోదాల మీద తమ అభిప్రాయాలను వాళ్లేమీ దాచుకోలేదు. 1984లో లోన్లీ ప్లానెట్ తొలి చైనా గైడు వెలువడింది. చాంగ్షాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అమెరికన్ మార్క్ సాల్జ్‌మన్, దాదాపు ఏడాది పాటు చైనా రైళ్లలో తిరిగిన పాల్ థెరూ, నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంలో చదివిన మన విక్రమ్ సేథ్ పుస్తకాలు రాశారు. మెచ్చుకోళ్లూ విసుగూ అన్నిట్లో ఉన్నాయి. విసుగుదే పైచేయి, చదవడానికి బాగుండేదీ అదే.

విదేశీయుల షాపింగుకు ఫ్రెండ్‌షిప్ స్టోర్ అని ప్రత్యేకంగా ప్రభుత్వ దుకాణాలుండేవి. బీజింగ్‌లో జియాన్‌గువోమెన్ బయట, రాయబార కార్యాలయాల పేటకు దగ్గర్లో ఉన్నది అన్నిట్లోకీ పేరున్నది. పట్టు బట్టలు, జేడ్ బొమ్మలు, తివాచీలతో పాటు బయట కళ్లబడని వెన్న, కాఫీ, పాత తేదీల ఇంగ్లీషు పత్రికలు అక్కడ దొరికేవి. మామూలు చైనా పౌరుడు లోపలికి వెళ్లబోతే గుమ్మంలోనే ఆపేసేవాళ్లు. చైనా స్నేహితుణ్ణి వెంటబెట్టుకుపోయిన విదేశీయుడు ఆ గుమ్మం దగ్గర పడిన ఇబ్బంది చాలామంది రాతల్లో కనిపిస్తుంది. స్నేహితుడు బయట ఆగి, కావలసిన సరుకు పేరు చీటీ మీద రాసిచ్చి, డబ్బు తర్వాత ఇస్తాననడం మామూలు విషయం. దీనికి అచ్చంగా తిరగేసిన ఏర్పాటు ఒకటి పుస్తకాల షాపుల్లో ఉండేది. హక్కులు కొనకుండా చైనాలో తిరిగి అచ్చువేసిన పాశ్చాత్య గ్రంథాలు అమ్మే గదుల్లోకి విదేశీయులకు ప్రవేశం ఉండేది కాదు. అక్కడ గుమ్మం బయట ఆగేది తెల్లవాడు.

వీధిలోని ప్రభుత్వ దుకాణాల సంగతి వేరు. ఆ రోజుల్లో చైనాకు వెళ్లొచ్చిన ఏ విదేశీయుణ్ణి కదిపినా మొదట చెప్పేది కౌంటరు వెనక అమ్మాయి గురించే. ఆమె స్వెట్టరు అల్లుకుంటూనో పక్క సీటు అమ్మాయితో కబుర్లాడుతూనో ఉంటుంది. అడిగిన వస్తువు వెనక అలమరలో కళ్లెదుటే కనిపిస్తున్నా తల ఎత్తకుండా 'లేదు' అంటుంది. పట్టుబట్టి వేలు పెట్టి చూపిస్తే, తీసి కౌంటర్ మీద ఠపీమని పడేస్తుంది. కొన్నా కొనకపోయినా ఆమెకు ఒకటే. 1980లో పట్టణాల్లో ప్రభుత్వ ఉద్యోగి సగటు జీతం నెలకు 60 యువాన్ల పైచిలుకు. అమ్మకం పెరిగితే అది పెరగదు, గిరాకీ వెనక్కి పోతే తరగదు. ఉద్యోగం జీవితాంతం ఊడదు. ఇనప అన్నపు గిన్నె అని చైనా వాళ్లే దానికి పేరు పెట్టుకున్నారు. సరుకు చాలకపోవడం ఇంకో కారణం. తిండిగింజలకు 1955 నుంచి కూపన్లుండేవి, బట్టలకు అంతకు ఏడాది ముందు నుంచే ఉండేవి. కూపన్ల మీద పంచిపెట్టే సరుకుకు నవ్వు మొహం తోడు చేయాలని ఎవరికీ తట్టదు. రేషను షాపు ముందు నిలబడ్డ తెలుగువాడికి ఈ ముక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

తన మీదే ప్రత్యేకంగా కక్ష కట్టారనుకున్న విదేశీయుడు పొరబడ్డట్టే. స్థానికులకు అంతకన్నా అధ్వానమైన మర్యాద దక్కేది. వినియోగదారులను కొట్టరాదు, తిట్టరాదు అని సిబ్బందికి చెప్పే బోర్డులు కొన్ని దుకాణాల గోడల మీద వేలాడేవంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. 1990ల మధ్యలో, దుకాణాల్లోనూ ఇతర సేవల్లోనూ నోటి నుంచి రాకూడని మాటల జాబితాలు అధికారికంగానే తయారయ్యాయి. 'పని మీదున్నా, కనబడట్లేదా', 'కొనకపోతే పో' లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఆ జాబితాలకన్నా ఎదురు వీధిలో వెలసిన ప్రైవేటు కొట్టే ఎక్కువ పని చేసింది.

తిండి విషయంలో ఆ మార్పు ముందే మొదలైంది. ప్రభుత్వ భోజనశాలల్లో ముందుగా డబ్బూ ధాన్యం కూపన్లూ ఇచ్చి చీటీ తీసుకోవాలి, ఆ చీటీ పట్టుకుని వంటగది కిటికీ దగ్గర నిలబడాలి. సాయంత్రం ఏడు దాటితే కుర్చీలు బల్లలెక్కేవి. విదేశీయుడు వస్తే మామూలు హాల్లో కూర్చోనివ్వక, బల్లల మీద తెల్ల గుడ్డ పరిచిన వెనక గదిలోకి తీసుకుపోయేవాళ్లు. అక్కడ ధర రెట్టింపు, కబుర్లాడే మనిషి శూన్యం. హాల్లోని రద్దీలో, ఎముకలు ఉమ్మేసిన బల్ల దగ్గర ఇరుక్కుని తినడానికి పోట్లాడిన విదేశీయులున్నారు. 1980 సెప్టెంబర్ 30న బీజింగ్ త్సుయ్‌హువా సందులో యూఎబిన్ అనే చిన్న హోటలు తెరిచారు. రాజధానిలో అనుమతి పొందిన తొలి ప్రైవేటు భోజనశాల అది. ఇల్లు లాంటి చోట కొన్ని బల్లలు, వండేది ఇంటివాళ్లు. విదేశీ విలేకరులు, దౌత్యవేత్తలు అక్కడికి వరస కట్టారు. అడిగింది తెచ్చిపెట్టే హోటలు దొరకడమే వాళ్లకు పెద్ద వార్త.

1987 నవంబర్‌లో చియాన్‌మెన్ దగ్గర కెంటకీ ఫ్రైడ్ చికెన్, 1992 ఏప్రిల్‌లో వాంగ్‌ఫుజింగ్‌లో మెక్‌డొనాల్డ్స్ వచ్చాయి. విదేశీయుల్లో ఇళ్ల మీద బెంగ పెట్టుకున్నవాళ్లు పరిగెత్తారు, చైనాను చైనాలా చూడాలనుకున్నవాళ్లు మూతి ముడిచారు. స్థానికులకు మాత్రం అక్కడ ముచ్చటగొలిపినవి శుభ్రమైన మరుగుదొడ్డి, చిరునవ్వుతో పలకరించే పనివాళ్లు, ఎంతసేపు కూర్చున్నా లేవమనని బల్ల.

హోటల్ గదుల గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. ప్రతి అంతస్తులో ఒక పనిమనిషి బల్ల వేసుకుని కూర్చునేది, తాళాలన్నీ ఆమె దగ్గరే. తలుపు తట్టకుండా లోపలికి వచ్చేస్తారన్నది అందరి ఫిర్యాదు. గదిలో పూల బొమ్మల ఫ్లాస్కు నిండా వేడినీళ్లు, మూత ఉన్న కప్పులు, మల్లె వాసన వేసే టీ ఆకులు ఉంటాయన్నది అందరి ప్రశంస. 1982లో బీజింగ్‌లో జియాన్‌గువో హోటలు, మరుసటి ఏడు గ్వాంగ్‌జౌలో వైట్ స్వాన్ హోటలు విదేశీ పద్ధతుల్లో వచ్చాక పై స్థాయిలో ఈ తేడా త్వరగానే పోయింది.

రైలు వేరు. చైనా గురించి విదేశీయుల దగ్గర ఎన్ని కథలున్నాయో వాటిలో సగం రైల్లో జరిగినవే. తరగతులు నాలుగు: గట్టి సీటు, మెత్తటి సీటు, గట్టి బెర్తు, మెత్తటి బెర్తు. తరగతులు లేని సమాజంలో ఫస్టు క్లాసు అనలేక పెట్టుకున్న పేర్లవి. విదేశీయుడికి టికెట్ ధర స్థానికుడి కన్నా బాగా ఎక్కువ, కొన్నిసార్లు దాదాపు రెట్టింపు. పెద్ద స్టేషన్లలో వాళ్లకు వేరే కౌంటరు ఉండేది. బయట వందల మంది తోసుకుంటున్న క్యూ చూశాక ఆ ఎక్కువ ధర కట్టడానికి ఎవరూ ఏడవలేదు. కౌంటరు లేని ఊళ్లలోనే తిప్పలన్నీ. క్యూలో గంటలు నిలబడి కిటికీ దాకా చేరితే 'లేదు' అన్న మాట, తర్వాత కిటికీ మూసుకున్న చప్పుడు.

మెత్తటి బెర్తులో అంచుకు లేసు కుట్టిన తెర, చిన్న బల్ల, దాని మీద పూలకుండీ, కింద ఫ్లాస్కు ఉండేవి. తోటి ప్రయాణికుడు సైన్యాధికారో కర్మాగారం డైరెక్టరో అయ్యుండేవాడు. గట్టి సీటు పెట్టెలో నిటారుగా ఉండే రెక్సిన్ బెంచీ మీద ముగ్గురికి చోటుంటే అయిదుగురు కూర్చునేవాళ్లు. సీటు నంబరు లేని టికెట్లు కూడా అమ్మేవాళ్లు కాబట్టి నడవలో, తలుపు దగ్గర, చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, బెంచీల కింద కూడా మనుషులే. పొగ, పొద్దుతిరుగుడు గింజల పొట్టు, నారింజ తొక్కలు, ఉమ్ములు, గుడ్డు పెంకులు అన్నీ కాళ్ల కిందే. అప్పుడప్పుడు పెట్టె బాధ్యురాలు చీపురుతో వచ్చి అంతా ఒక కుప్ప చేసి కిటికీలోంచి బయటికి నెట్టేది. విదేశీయులు దీన్ని చూసి నోరు వెళ్లబెట్టారు. మన రైళ్లెక్కినవాడు అంతగా కంగారు పడడు. పెట్టె పైన స్పీకర్లు తెల్లవారుజాము నుంచే సంగీతం, ఆరోగ్య సూచనలు, వచ్చే స్టేషను విశేషాలు వినిపించేవి. వాటిని ఆపే వీలు లేదు. పాల్ థెరూ లాంటివాళ్లకు ఆ స్పీకరు అంటే ఒళ్లు మండేది.

గ్వాంగ్‌జౌ నుంచి బీజింగ్‌కు ఒకటిన్నర రోజు. అంతసేపు ఎదురుబొదురుగా కూర్చున్నవాళ్ల మధ్య మాటలు కలవక తప్పదు. పెట్టె చివర బొగ్గు బాయిలర్లో మరిగే నీళ్లు ఎప్పుడూ ఉండేవి. ఎనామెల్ మగ్గు పట్టుకుని అక్కడికి వెళ్లొచ్చేటప్పుడు ఎవరో ఒకరు సిగరెట్టిస్తారు, ఇంకొకరు కోడికాలు చేతిలో పెడతారు. తర్వాత ప్రశ్నలు: ఏ దేశం, జీతమెంత, పెళ్లయిందా, ఎందరు పిల్లలు. జీతం అడగడం మర్యాద తప్పడమని కొందరు పాశ్చాత్యులు రాశారు. ఆ ప్రశ్న వాళ్ల చైనా స్నేహాలకు తొలి మెట్టయిందని ఇంకొందరు ఒప్పుకున్నారు. ప్రత్యేక కౌంటర్లూ వెనక గదులూ విదేశీయుణ్ణి సుఖంగా ఉంచాయి గానీ మనుషుల నుంచి దూరం చేశాయి. ఒక్క గట్టి సీటు ఆ దూరాన్ని దాటించేది. నేటి హైస్పీడు రైలు ఆ ఇబ్బందితో పాటు ఈ వీలునూ తీసేసింది. బీజింగ్, తియాన్‌జిన్ మధ్య 2008 ఆగస్టు 1న మొదలైన ఆ రైళ్లు ఇప్పుడు గ్వాంగ్‌జౌకు పగటిపూటే చేరుస్తాయి. ఎవరి ఫోను వాళ్లది.

పోస్టాఫీసులో జరిగే తతంగం కూడా చాలామందికి గుర్తుండిపోయింది. స్టాంపులకు జిగురు ఉండదు, ఉన్నా అంటదు. అందుకని గోడవార బల్ల మీద జిగురు గిన్నె, అందులో ఒక బ్రష్షు పెట్టేవాళ్లు. ఆ బల్లంతా, దాని మీద ఆనిన మోచేతులన్నీ జిగటే. పార్సిలు విదేశానికి పంపాలంటే మూసిన పెట్టె తీసుకెళ్లకూడదు. కస్టమ్స్ గుమాస్తా ఒక్కొక్క వస్తువూ తీసి చూసి, ఫారాలు నింపించి, ఆ తర్వాతే కట్టనిచ్చేవాడు. చాలా చోట్ల తెల్ల గుడ్డలో పెట్టి, సూదీ దారంతో కుట్టించాలి, గుడ్డ మీద ఇంకుతో చిరునామా రాయాలి. ఓపిక లేనివాళ్లు దీన్ని తిట్టుకున్నారు. అయినా ఆ మూటలు అమెరికాకైనా ఆస్ట్రేలియాకైనా చెక్కుచెదరకుండా చేరేవి. చైనా తపాలా గురించి చెడ్డ మాట రాసినవాళ్లు తక్కువ.

ఊళ్లో తిరగడానికి సైకిలే దిక్కు. ఫ్లయింగ్ పిజన్, ఫీనిక్స్, ఫరెవర్ అన్నవి పేరున్న రకాలు. 1970ల మధ్యలో బీజింగ్‌లో అమెరికా ప్రతినిధిగా ఉన్న జార్జ్ బుష్ భార్యతో కలిసి సైకిలు మీదే తిరిగేవాడు. 1989 ఫిబ్రవరిలో అధ్యక్షుడిగా వచ్చినప్పుడు చైనా ప్రభుత్వం వాళ్లిద్దరికీ ఫ్లయింగ్ పిజన్ సైకిళ్లే బహుమతిగా ఇచ్చింది. ప్రతి మలుపులోనూ బోర్లా పెట్టిన సైకిలు, పక్కన నీళ్ల బేసిను, అందులో ట్యూబు ముంచి బుడగల కోసం చూసే ముసలాయన ఉండేవాడు. పని క్షణాల్లో అయిపోయేది, ధర కొన్ని జియావోలు. ఆ దేశంలో విదేశీయులు ఏ ఫిర్యాదూ లేకుండా మెచ్చుకున్న సేవ ఇది. ప్రభుత్వ జీతం లేని మనిషి చేసే సేవ కావడం అందుకు కొంత కారణం. 1990ల్లో బీజింగ్ వీధుల్లో రొట్టె ఆకారంలో పసుపుపచ్చ వ్యాను టాక్సీలు వచ్చాయి. మొదటి పది కిలోమీటర్లకు పది యువాన్లు. సామానుతో, మనుషులతో కిక్కిరిసి, చలికాలంలో గజగజలాడించే ఆ బళ్లను 1990ల చివరికల్లా పొగ కాలుష్యం కారణంగా తీసేశారు. వాటి గురించి తలచుకోని పాత బీజింగ్ విదేశీయుడు లేడు.

మారక పత్రాల ముద్రణ 1994 జనవరి 1 నుంచి ఆపేశారు, ఏడాది తర్వాత అవి చెలామణీలోంచి పూర్తిగా పోయాయి. ధాన్యం కూపన్లు 1993లోనే పోయాయి. రైళ్లలో రెండు ధరల పద్ధతి 1990ల మధ్యలో, విమానాల్లో 1997లో ముగిసింది. 2000 దశకంలో తెలుగు విద్యార్థులు వైద్యవిద్యకు చైనా నగరాలకు వెళ్లడం మొదలుపెట్టేనాటికి ఈ ప్రత్యేక ప్రపంచం ఆనవాళ్లు చాలావరకు చెరిగిపోయాయి. వాళ్లు చూసిన చైనాలో షాపు అమ్మాయి కొనేదాకా వదిలేది కాదు.

ఇక వినోదం. 1980ల మొదట్లో చైనా నగరం రాత్రి ఎనిమిదికల్లా నిద్రపోయేది. విదేశీయులకు ఏర్పాటయ్యేవి విన్యాసాల ప్రదర్శన, నాట్యం, ఒపెరా. తల మీద పింగాణీ గిన్నెలు పేర్చుకుని ఒంటిచక్రం తొక్కే అమ్మాయిలను చూసి అందరూ అబ్బురపడ్డారు. బీజింగ్ ఒపెరా దగ్గర అభిప్రాయాలు రెండుగా చీలాయి. ఆ తాళాల మోత, గొంతు చించుకునే పాట అరగంటకు మించి భరించలేమని నిర్మొహమాటంగా రాసినవాళ్లే ఎక్కువ. పక్కన ప్రేక్షకులు గింజలు కొరుకుతూ, కబుర్లాడుతూ, అసలైన ఘట్టం రాగానే అందరూ ఒక్క గొంతుతో మెచ్చుకోవడం వాళ్లకు అంతుబట్టలేదు. పద్యం అయ్యేదాకా బీడీ కాల్చుకుంటూ, పద్యానికి వన్స్‌మోర్ కొట్టే నాటకాభిమానులను చూసినవాళ్లకు అందులో వింతేమీ లేదు.

సినిమా సంగతికొస్తే, స్థానికులతో పాటు బెంచీ మీద కూర్చోవడానికి విదేశీయులకు దొరికిన మరో చోటు అది. ఫ్యాక్టరీ ఆవరణల్లో, పల్లెల్లో రెండు గుంజల మధ్య తెల్ల గుడ్డ కట్టి ఆరుబయట సినిమా వేసేవాళ్లు. చోటు చాలనివాళ్లు తెర వెనక కూర్చుని బొమ్మ తిరగబడినా చూసేవాళ్లు. 1955లో తొలిసారి ప్రదర్శించిన రాజ్‌కపూర్ 'ఆవారా', 1970ల చివర చైనీస్ డబ్బింగుతో మళ్లీ వచ్చి ఊళ్లకు ఊళ్లను కదిలించింది. ఆ తర్వాత మరో హిందీ చిత్రం 'కారవాన్' కూడా అలాగే ఆడింది. అందుకే భారతీయుడు కనిపిస్తే నడివయసు చైనా మనిషి ఆవారా పాట ఎత్తుకునేవాడు. 1981లో తుర్ఫాన్‌లో ఒక సాయంత్రం ఆ పాట తానే పాడిన సంగతి విక్రమ్ సేథ్ రాసుకున్నాడు. అమెరికన్లకో ఇంగ్లీషువాళ్లకో ఇలా ముందే సిద్ధంగా ఉన్న పరిచయం లేదు.

వాళ్లకున్న పరిచయం పాఠం రూపంలో వచ్చింది. 1982లో కేంద్ర టెలివిజన్ బీబీసీ ఇంగ్లీషు పాఠాల కార్యక్రమం 'ఫాలో మీ' ప్రసారం చేసింది, దేశమంతా టీవీల ముందు కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుంది. నేర్చుకున్నది ప్రయోగించడానికి వీధిలో కనిపించిన విదేశీయుణ్ణి పట్టుకునేవాళ్లు. పార్కుల్లో ఆదివారం పూట 'ఇంగ్లీషు మూల' జరిగేది. చుట్టూ మూడు వరసలు చేరి ఒకే ప్రశ్న పదిసార్లు అడిగితే ఎంతటి స్నేహశీలికైనా చిరాకొస్తుంది. 1996 నుంచి రెండేళ్లు ఫూలింగ్‌లో పాఠాలు చెప్పిన పీటర్ హెస్లర్ ఆ పట్టణంలో నూడుల్స్ తింటుంటే చూడటానికి జనం మూగడం గురించి రాశాడు. చిన్న ఊళ్లలో అసలు వినోదం విదేశీయుడేనన్న సంగతి వాళ్లకు ఆలస్యంగా అర్థమైంది.

1980లో అధికారులు అడ్డుకున్న జంట నృత్యాలకు 1984లో అనుమతి దొరికింది. కాలేజీ క్యాంటీన్లో బల్లలు పక్కకు జరిపి, టేపురికార్డరు పెట్టి శనివారం వాల్ట్జ్ ఆడేవాళ్లు. మగవాడు మగవాడితో, ఆడపిల్ల ఆడపిల్లతో. ఆ అమాయకత్వం చూసి విదేశీయులు మొదట నవ్వారు, తర్వాత అదే కావాలనుకున్నారు. 1985 ఏప్రిల్ 7న బ్రిటిష్ బృందం వామ్! బీజింగ్ వర్కర్స్ జిమ్నేజియంలో పాడింది. లేచి ఆడబోయినవాళ్లను పోలీసులు కూర్చోబెట్టారు. హాలులోని విదేశీయులు ఊగిపోతుంటే, చైనా యువతీయువకులు చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లార్పకుండా చూశారు. మరుసటి ఏడాది మేలో చైనా గాయకుడు త్సుయ్ జియాన్ అదే వర్కర్స్ ప్రాంగణంలో సొంత రాక్ పాట పాడాక వాళ్లకు ఇతరుల పాటతో అంత అవసరం లేకపోయింది.

చివరికి అన్నిట్నీ మింగింది ఇంట్లో కూర్చుని చూసే బొమ్మ. 1990లో యాభై భాగాల ధారావాహిక 'కెవాంగ్' ప్రసారమవుతున్న వేళ వీధులు ఖాళీ అయ్యాయి. సిగరెట్ల పొగలో హాంకాంగ్ యాక్షన్ చిత్రాలు వేసే వీడియో హాళ్లు, సాయంత్రమంతా ఒక్కో పాట పాడక తప్పని కరవోకే గదులు వచ్చాయి. పాడటం చేతకాదని తప్పించుకునే వీలు లేకపోవడం గురించి విదేశీయుల ఆక్రోశం అన్ని పుస్తకాల్లోనూ ఒకేలా ఉంటుంది. 1994లో 'ది ఫ్యుజిటివ్'తో హాలీవుడ్ చిత్రాలను ఆదాయ వాటా పద్ధతిలో దిగుమతి చేసుకోవడం మొదలైంది, ఏడాదికి పది మాత్రమే. మిగతావి వీధి మీద దొరికేవి. 1993లో హెఫెయ్ నగరంలో ఒక కంపెనీ తయారుచేసిన వీసీడీ ప్లేయరు కొద్ది ఏళ్లలో ఇంటింటికీ చేరింది. దాని వెంట దొంగ డిస్కుల వ్యాపారం పెరిగింది. తర్వాత డీవీడీలు, ఒక్కోటి పది యువాన్ల లోపు. సైకిలు వెనక అట్టపెట్టెలో, దుకాణం వెనక గదిలో అవి అమ్మేవాళ్లు. కాపీరైటు గురించి తమ దేశంలో ఉపన్యాసాలిచ్చే విదేశీయులే వాటికి నమ్మకమైన గిరాకీ. ఆ డిస్కుల్లో, తర్వాత ఇంటర్నెట్‌లో తిరిగిన 'త్రీ ఇడియట్స్' ఆమిర్ ఖాన్‌కు అక్కడ పేరు తెచ్చింది. 2017 మేలో విడుదలైన 'దంగల్' వంద కోట్ల యువాన్లకు పైగా వసూలు చేయడానికి ఆ దొంగ డిస్కులు వేసిన పునాది ఉంది. 2018 మేలో 'బాహుబలి 2' చైనా థియేటర్లకు వెళ్లినప్పుడు దానికి అలాంటి ముందు పరిచయం పెద్దగా లేదు, వసూళ్లు 'దంగల్' దరిదాపుల్లోకి రాలేదు. అప్పటికి డిస్కుల దుకాణాలు కూడా దాదాపు మూతబడ్డాయి.